తోడేలు కనిపించని ఫొటో

పిల్లల కథను భయం కథగా మార్చి ఫొటోలు తీయడం సరదాగానే ఉంటుంది. వేషాలు, అడవి, పొగ, మాస్కులు... అదంతా ఓ జాతర! అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. తీసిన వందల ఫొటోల్లోంచి ఎడిటింగ్‌కి పంపాల్సిన ఏడెనిమిదింటిని ఏరాలి. కథ భయపెడుతుందో, నవ్వు తెప్పిస్తుందో తేలేది అక్కడే.

ఇంగ్లండులో ఓ పాత గోడ. దాని నిండా పాకిన తీగ. ఆ గోడ పక్కన నిలబడిన ఓ చిన్నారి. తలమీదుగా ముసుగున్న అంగీ, చేతికి బుట్ట. అమ్మమ్మ ఇంటికి బయల్దేరిన 'లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్' అని చూడగానే తెలిసిపోతుంది. దారిలో తోడేలు ఎదురవుతుందన్న సంగతి మనకు ముందే తెలుసు కాబట్టి ఆ పాప ముఖంలో బెదురు కోసం వెతుకుతాం. దొరకదు. తల కాస్త దించి, కనుబొమల కిందనుంచి సూటిగా మనల్నే చూస్తుంటుంది. పెదాలమీద నవ్వన్నదే లేదు. ఇంకాసేపు చూస్తే ఈ కథలో ఎవరు ఎవర్ని తింటారో అనుమానం వస్తుంది!

1857లో తీసిన ఫొటో అది. తీసినాయన ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల మాస్టారు, పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఇలా చెబితే చాలామందికి తెలియకపోవచ్చు. లూయిస్ కరోల్ అంటే మాత్రం తెలియనివాళ్లు తక్కువ. 'ఎలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' రాసిన రచయిత ఆయనే. ఆ పుస్తకం వచ్చింది 1865లో. అంటే ఎలిస్‌ని కుందేలు బొరియలోకి పంపడానికి ఎనిమిదేళ్ల ముందే ఆయన కెమెరాతో ఓ కథ చెప్పాడన్నమాట. పాప పేరు ఆగ్నెస్ వెల్డ్. మహాకవి టెన్నిసన్ భార్యకు సోదరి కూతురు.

ఆ ఫొటోలో తోడేలు లేదు. అడవీ లేదు. రక్తపు చుక్క లేదు. అయినా 160 ఏళ్లు దాటినా దాన్ని చూసినవాళ్లకి వెన్నులో ఓ చిన్న వణుకు. అద్భుత కథల్ని భయం కథలుగా మార్చి ఫొటోలు తీయాలనుకునే ఈతరం కుర్రాళ్లు, అమ్మాయిలు ముందుగా చూడాల్సిన ఫొటో ఏదైనా ఉందంటే ఇదేనేమో.

అమ్మమ్మ కథల్లో రక్తం

అసలు పిల్లల కథల్లో భయమేంటి అంటారా? మనం చదివినవి కాస్త ఉతికి ఆరేసిన కథలు. రెడ్ రైడింగ్ హుడ్ కథను ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చువేసినప్పుడు తోడేలు పాపను తినేయడంతోనే కథ అయిపోయింది. రక్షించడానికి ఎవరూ రారు. 1812లో జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరుల పుస్తకంలో వేటగాడు వచ్చి, నిద్రపోతున్న తోడేలు పొట్ట కోసి పాపనూ అమ్మమ్మనూ బయటకు తీస్తాడు. ఆ ఖాళీ పొట్టలో రాళ్లు నింపుతారు. అదే పుస్తకంలో మరో కథ ఉంది. ఓ మాంత్రికుడు అమ్మాయిల్ని ఎత్తుకొచ్చి, చేతికి ఇంటి తాళాలూ ఓ గుడ్డూ ఇచ్చి, ఫలానా గది మాత్రం తెరవద్దంటాడు. తెరిచిన అమ్మాయి చేతిలోని గుడ్డు జారి నెత్తుట్లో పడుతుంది. ఎంత తుడిచినా మరక పోదు!

కాబట్టి ఫొటోగ్రాఫర్లు కొత్తగా భయాన్ని తెచ్చిపెట్టక్కర్లేదు. కథల అడుగున ఉన్నదాన్నే పైకి తేవాలి. ఎంతవరకు తేవాలి, ఎక్కడ ఆపాలి అన్నదే చిక్కు. ఆ చిక్కు సెట్టులో విడిపోదు. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు విడిపోవాలి.

అప్పుడు ఒక్కటి, ఇప్పుడు ఎనిమిది వందలు

పెళ్లయిన నెలకి ఫొటోగ్రాఫర్ ఓ పెన్‌డ్రైవ్ తెచ్చిస్తాడు. 'ఇందులో నాలుగు వేలున్నాయండీ, ఆల్బమ్‌కి రెండొందలు సెలెక్ట్ చేసివ్వండి' అంటాడు. ఆర్నెల్లయినా ఆ పెన్‌డ్రైవ్ బీరువాలోనే ఉంటుంది. ప్రతి ఇంటికీ తెలిసిన కథే కదా! ఏరడం ఎందుకంత కష్టమో అర్థం కావడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. తాళి కట్టే ఫొటోలే నలభై. ఒకదాంట్లో పెళ్లికూతురు బాగుంటే, మరోదాంట్లో పెద్దమామయ్య కళ్లు తెరిచి ఉంటాడు.

కరోల్‌కి ఈ బాధ లేదు. ఆనాటి పద్ధతిలో ఓ గాజు పలకకి జిగురులాంటి కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, వెంటనే చీకటి గదికి పరుగెత్తి కడగాలి. అంతా పది, పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. ఫొటో పడేదాకా పిల్లలు కొన్ని సెకన్లపాటు కదలకుండా కూర్చోవాలి. ఒక్కో పలకకీ ఇంత తతంగం ఉన్నప్పుడు రోజంతా కష్టపడినా లెక్కపెట్టుకోదగినన్నే వస్తాయి. అందుకే వాళ్లు ఎంపికంతా క్లిక్‌కి ముందే చేసేసేవాళ్లు. ఏ బట్ట, ఏ చూపు, చెయ్యి ఎక్కడ... అన్నీ. ఇంకో విశేషం, ఆ పలకలకి ఎరుపు రంగు దాదాపు కనిపించదు. నిజంగా ఎర్రటి అంగీ వేసినా ఫొటోలో నల్లగానే వస్తుంది. రెడ్ రైడింగ్ హుడ్‌ని ఎరుపు లేకుండా చూపించాలి!

తర్వాత ఫిల్ము రోజులొచ్చాయి. రీలుకి 36 ఫొటోలు. నెగెటివ్‌లన్నిటినీ ఒకే కాగితంమీద చిన్నచిన్నగా అచ్చువేస్తే దాన్ని కాంటాక్ట్ షీట్ అనేవాళ్లు. భూతద్దం పెట్టి చూసి, నచ్చినదాని చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీత గీసేవాళ్లు. ఇప్పుడు? మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు గూకేసరికి ఎనిమిది వందలు. వేలు నొక్కిపట్టి ఉంచితే కెమెరా దానంతటదే తీసుకుపోతుంది. ముందు చేయాల్సిన ఆలోచనంతా వెనక్కి, కంప్యూటర్ ముందుకి జరిగిపోయింది.

అయిదు నెగెటివ్‌ల శోకం

ఏరి, అతికి, ఒక్క ఫొటోగా చేయడం కంప్యూటర్‌తోనే వచ్చిందనుకుంటే పొరపాటు. ఇంగ్లండులోనే హెన్రీ పీచ్ రాబిన్సన్ అనే ఆయన 1858లో రెడ్ రైడింగ్ హుడ్ కథని నాలుగు ఫొటోల వరసగా తీశాడు. అంతకంటే ఎక్కువ పేరొచ్చింది అదే ఏడాది తయారుచేసిన 'ఫేడింగ్ అవే'కి. క్షయ జబ్బుతో కన్నుమూస్తున్న ఓ అమ్మాయి, పక్కన కూర్చున్న పెద్దామె, వెనకాల నిలబడిన మరో అమ్మాయి, కిటికీ దగ్గర ఓ మగమనిషి. అయిదు వేర్వేరు నెగెటివ్‌లను ఒకే కాగితంమీద జాగ్రత్తగా అచ్చువేసి ఒక్క ఫొటో చేశాడు. అతుకు కనిపించదు.

చూసినవాళ్లు హడలిపోయారు. చావుబతుకుల్లో ఉన్న పిల్ల దగ్గర కెమెరా పెట్టడమేంటని తిట్టినవాళ్లున్నారు. నిజానికి మంచంమీదున్న పిల్ల శుభ్రంగా ఆరోగ్యంగా ఉన్న మోడల్. అతికించి తీశాడని తెలిశాక అదో మోసమని ఇంకొందరు తిట్టారు. విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ మాత్రం ఓ ప్రతి కొనుక్కున్నాడు.

ఈ ఫొటోలో ఎక్కువసేపు చూపు ఆగేది ఆ అమ్మాయి మీద కాదు. కిటికీ దగ్గరున్న మనిషి మీద. అతను మనకి వీపు చూపించి బయటకు చూస్తుంటాడు. ముఖం కనిపించదు. అతను తండ్రా, కాబోయే భర్తా... తెలియదు. ఏడుస్తున్నాడా? అదీ తెలియదు. శోకమంతా ఆ వీపులోనే ఉంది. అలాంటి భంగిమను కావాలని ఎంచుకున్నాడు రాబిన్సన్. అప్పటి ఫొటోగ్రాఫర్లకి అదేమీ చవగ్గా దక్కిన పేరు కాదు. ఆ రసాయనాల మధ్యే బతికి ఆరోగ్యం పాడై, 1864లో తన స్టూడియోనే వదులుకోవాల్సి వచ్చింది. కొన్నేళ్లకి కోలుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

ఇద్దరి మధ్య దూరం

ఇప్పుడు ఓ షూటింగ్ జరిగిందనుకుందాం. ఊరి బయట తోపు. ఎర్ర అంగీలో పన్నెండేళ్ల పాప, తోడేలు మాస్కు పెట్టుకున్న వాళ్ల బాబాయి, పొగ మిషను, ఓ లాంతరు. మొత్తం ఎనిమిది వందల ఫొటోలు. కావాల్సింది ఎనిమిది.

అనుభవమున్నవాళ్లు మొదటిసారి చూసేటప్పుడు పరుగెడతారు. ఒక్కోదానికి రెండు సెకన్లు. పెద్దది చేసి చూడరు, ఆలోచించరు. ఫోకస్ తప్పినవి, కళ్లు మూసుకున్నవి, లైటు పట్టుకున్న కుర్రాడి మోచెయ్యి పడినవి పక్కకు పోతాయి. 2007లో వచ్చిన లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఇందుకు రెండు మీటలు చాలు. ఒకటి నొక్కితే ఉన్నట్టు, మరోటి నొక్కితే పోయినట్టు. ఇక్కడ పోయిందంటే చెరిపేసినట్టు కాదు, పక్కన పెట్టినట్టు. ఆ తేడా ఎందుకన్నది తర్వాత తెలుస్తుంది.

రెండోసారి చూడటం మర్నాడో, ఆ మర్నాడో. షూటింగ్ వేడి ఒంట్లో ఉండగా చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఈసారి ఫొటోలని తపాలా బిళ్లంత చిన్నగా చేసి చూస్తారు. అంత చిన్నగా ఉన్నా ఎర్ర అంగీ, దాని వెనక నల్లటి ఆకారం విడివిడిగా తెలుస్తున్నాయా? తెలియకపోతే గోడంత చేసినా అది గజిబిజే. మరికొందరు రంగు తీసేసి నలుపు తెలుపుల్లో చూస్తారు. ఎరుపు మహా మాయలాడి. ఎక్కడున్నా కన్ను అక్కడికే పోతుంది కాబట్టి ఫొటో బాగుందన్న భ్రమ కలుగుతుంది. ఎరుపు పోయాక కూడా నిలబడితే ఆ ఫొటోలో సరుకున్నట్టు.

ఇక భయం కథకి ప్రత్యేకమైన లెక్కలు కొన్నున్నాయి. మామూలు పోర్ట్రెయిట్‌లో కంటిపాపలో లైటు మెరవకపోతే ఆ ఫొటో పక్కకు పోతుంది. ఎందుకంటే ఆ మెరుపు లేని కన్ను ప్రాణం లేనట్టు ఉంటుంది. మరి భయం కథలో కావాల్సింది అదేగా! తోడేలు మాస్కు కళ్లలో మెరుపు ఉన్న ఫొటోలోకన్నా, అక్కడ రెండు నల్లటి చిల్లులు మాత్రమే ఉన్న ఫొటోలో భయం ఎక్కువ. అలాగే చేతులు. ముఖం నటిస్తుంది గానీ చేతులు అబద్ధమాడవు. పాప ముఖం నిండా భయం పులుముకుని, చేతులు మాత్రం ఐస్‌క్రీమ్ కోసం చూస్తున్నంత తాపీగా వేలాడుతుంటే ఆ ఫొటో తేలిపోతుంది. బుట్ట పిడిని వేళ్లు తెల్లబడేలా పట్టుకున్న ఫొటోలో ముఖం సగం చీకట్లో ఉన్నా ఫర్వాలేదు.

అన్నింటికన్నా పెద్దది దూరం. పాపకీ తోడేలుకీ మధ్య ఎంత ఖాళీ ఉంది? తోడేలు పాప భుజంమీద చెయ్యి వేసిన ఫొటో చూస్తే ఏం జరిగిందో తెలిసిపోతుంది. తోడేలు పది అడుగుల వెనక చెట్టు చాటున ఉండి, పాప ఇటు చూస్తున్న ఫొటోలో ఇంకా ఏమీ జరగలేదు. ఏం జరగాలన్నా మన బుర్రలోనే జరగాలి. ఎరుపు రంగు సీసాలకి సీసాలు ఒంపిన ఫొటోలు సెట్టులో ఎంత ముచ్చటగా ఉన్నా, తెరమీద టొమాటో సాస్‌లాగే ఉంటాయి. మొదటి వడపోతలోనే పోవాల్సినవి అవి. పాపం, వాటికోసమే అందరూ ఎక్కువ కష్టపడి ఉంటారు.

ఈ లెక్క తెలుగు పిల్లలకి కొత్తదేం కాదు. చందమామలో బేతాళ కథకి శంకర్ వేసిన బొమ్మ గుర్తుందా? శ్మశానం, చేతిలో కత్తి, భుజంమీద శవంతో నడిచిపోతున్న విక్రమార్కుడు. జవాబు చెప్పకపోతే తల పగులుతుందన్న బెదిరింపు ప్రతి కథలోనూ ఉంటుంది. బొమ్మలో మాత్రం రాజు నడుస్తూనే ఉంటాడు, శవం భుజాన వేలాడుతూనే ఉంటుంది. కె.సి.శివశంకరన్ 2020లో కన్నుమూసినప్పుడు చాలామందికి మొదట గుర్తొచ్చింది ఆ ఒక్క బొమ్మే.

పారేసిన ఫొటోకీ పనుంటుంది

పక్కన పెట్టినవాటిని చెరిపేయకూడదని చెప్పుకున్నాం కదా. ఎందుకంటే ఎడిటింగ్‌లో వాటి అవసరం ఎప్పుడు పడుతుందో తెలియదు.

పాప గాల్లో తేలుతున్న ఫొటో కావాలనుకుంటే ముందు ఓ స్టూలుమీద పడుకోబెట్టి తీస్తారు. తర్వాత పాపనీ స్టూలునీ తీసేసి, కెమెరా అంగుళం కూడా కదలకుండా ఖాళీ చోటుని మళ్లీ తీస్తారు. ఫొటోషాప్‌లో మొదటిదాన్ని రెండోదానిపై పరిచి స్టూలు ఉన్నంత మేరా చెరిపేస్తే కింద గడ్డి కనిపిస్తుంది. పాప గాల్లో ఉంటుంది. ఎవరూ లేని ఆ ఖాళీ ఫొటోని ఏరేటప్పుడు 'ఇందులో ఏముంది' అని తీసేస్తే ఇక అంతే సంగతులు! గంటలకొద్దీ గడ్డిని చేత్తో అతకాల్సిందే.

అలాగే ఒకదాంట్లో ముఖం బాగుండి అంగీ ముడతపడితే, మరోదాంట్లోంచి అంగీ తేవచ్చు. కాకపోతే రెంటిలోనూ లైటు ఒకే వైపునుంచి ఉండాలి, కెమెరా ఎత్తు మారకూడదు. నీడలు రెండు వైపులా పడితే చూసేవాళ్లు తప్పెక్కడుందో చెప్పలేరు గానీ, ఏదో తేడా ఉందని పసిగడతారు. పొగతో ఇంకో చిక్కు. అది ఒక ఫొటోలో ఉన్నట్టు మరోదాంట్లో ఉండదు. పొగ సరిగ్గా కుదిరిన ఫొటో దొరికితే, ముఖం కాస్త అటూ ఇటుగా ఉన్నా దాన్నే ఆధారంగా పెట్టుకోవడం తెలివైన పని. ముఖాన్ని అతికించొచ్చు, పొగని అతికించడం మహా కష్టం.

'తర్వాత ఫొటోషాప్‌లో సరిచేద్దాం' అన్నది ఈ రంగంలో అందరూ అనే మాట, అందరూ బాధపడే మాట. తెల్లగా మాడిపోయిన చోట సమాచారమే ఉండదు, ఎవరూ తేలేరు. చీకట్లోంచి మరీ ఎక్కువ వెలుగు లాగితే రవ్వలు రవ్వలుగా తేలుతుంది. చేయాల్సిన మరమ్మతులు మూడు దాటితే రెండో ఫొటో చూసుకోవడం మేలు.

ముసలి ముఖం, పసి చేతులు

ఈ దారిలో నడిచినవాళ్లలో ఇద్దర్ని తలుచుకోవాలి. అమెరికన్ కళాకారిణి సిండీ షెర్మన్ తన ఫొటోలకి తనే మోడల్. కెమెరా పక్కన అద్దం పెట్టుకుని, అందులో తనని చూసుకుంటూ తీసుకుంటుంది. 1985లో వ్యానిటీ ఫెయిర్ పత్రిక అడిగితే అద్భుత కథల వరస మొదలుపెట్టింది. రాకుమార్తెలూ పూలూ ఉంటాయనుకుంటే పంది మూతి తగిలించుకుని, పాచిపట్టినట్టున్న నేలమీద, ఆకుపచ్చటి చీకట్లో తేలింది! ఏ ఫొటో ఏ కథదో చెప్పదు. వాటికి పేర్లుండవు, నంబర్లే. పైన చెప్పుకున్న గుడ్డు కథని 1992లో ఫొటోల పుస్తకంగానూ తెచ్చింది.

రెండో ఆమె జపాన్‌కి చెందిన మివా యనాగి. 2004లో మొదలుపెట్టిన 'ఫెయిరీ టేల్' వరసలో ఆమె నటులంతా ఆడపిల్లలే. కొందరికి ముడతలుపడ్డ ముసలి మాస్కులు తగిలించింది. మాస్కు ముఖానికే. చేతులూ కాళ్లూ మాత్రం లేత లేతగా, పిల్లలవే. కప్పిపుచ్చడానికి ప్రయత్నించదు. మంత్రగత్తె ముఖం కింద చిన్నపిల్ల మోకాళ్లు కనిపిస్తుంటే... ఆ తేడాలోనే ఉంది దడ. ఆమె రెడ్ రైడింగ్ హుడ్‌లో తోడేలు పొట్ట చీలిక మధ్య పాపా అమ్మమ్మా ఒకరినొకరు వాటేసుకుని ఉంటారు. రక్తముంది, కానీ నలుపు తెలుపుల్లో. రక్తంకన్నా ఆ కౌగిలే ముందు కనిపిస్తుంది. మామూలు ఎడిటర్ చేతిలో పడితే ఆ లేత చేతులకి ముడతలు పెట్టి 'తప్పు' సరిచేసేవాడేమో!

చలిలో నిలబడ్డ రెండు గంటలు

ఏరడంలో అడ్డుపడేది కన్ను కాదు, జ్ఞాపకం. చెరువులో మోకాలి లోతు నీళ్లలో రెండు గంటలు నిలబడి తీసిన ఫొటోని తీసేయడానికి చెయ్యి రాదు. జలగ కరిచిందని ఫొటోగ్రాఫర్‌కి గుర్తుంటుంది. చూసేవాళ్లకి జలగ సంగతి తెలియదు. వాళ్లకి కనిపించేది కాస్త వంకరగా ఉన్న చెరువు గట్టే. అందుకే ఆరోజు షూటింగ్‌కి రాని స్నేహితుల్ని పక్కన కూర్చోబెట్టుకుంటారు కొందరు. 'ఏది బాగుంది' అని అడిగితే మొహమాటానికి ఏదో చెబుతారు. 'ఇందులో ఏం జరుగుతోంది' అని అడగాలి. 'బాబాయ్ కుక్క మాస్కు పెట్టుకున్నాడు' అన్నారంటే ఆ ఫొటో పోయినట్టే.

ఒక్కోసారి ఆ జ్ఞాపకమే మొత్తం పనిని నడిపిస్తుంది కూడా. బ్రిటన్‌లో కర్‌స్టీ మిచెల్ ఫ్యాషన్ డిజైనర్‌గా ఉండేది. వాళ్లమ్మ ఇంగ్లిష్ టీచర్. చిన్నప్పుడు కూతురికి బోలెడు కథలు చదివి వినిపించేది. 2008లో మెదడులో కణితితో ఆమె చనిపోయింది. మర్నాటి ఏడాది కర్‌స్టీ 'వండర్‌ల్యాండ్' పేరుతో ఫొటోలు మొదలుపెట్టింది. అమ్మ చెప్పిన కథలు సగం గుర్తుండి, సగం మరిచిపోయి కలలో వచ్చినట్టుంటాయవి. దుస్తులూ కిరీటాలూ చాలావరకు చేత్తో కుట్టినవీ, అతికించినవే. కొన్నిటికి నెలలు పట్టింది. అడవిలో ఓ చోట నీలిపూలు పూసేది ఏడాదిలో కొద్దివారాలే అయితే వాటికోసం ఏడాదంతా ఆగడమే. అయిదేళ్లు గడిచేసరికి తయారైనవి 74 ఫొటోలు. మన పెళ్లిళ్లలో తలంబ్రాల ఘట్టానికే అంతకన్నా ఎక్కువ క్లిక్కులుంటాయి.

ఏడుపు నిజమైతే...

ఎనిమిది వందల్లో ఎక్కడో ఓ ఫొటో ఉంటుంది. చెట్టు వెనకనుంచి తోడేలు మాస్కుతో బాబాయి ఒక్కసారిగా బయటకు దూకినప్పుడు పాప నిజంగా దడుచుకున్న క్షణం. నటన కాదు. నోరు వంకరపోయి, కళ్లలో నీళ్లు తిరిగి... ఆ మరుక్షణం ఏడ్చేసి, వాళ్లమ్మ దగ్గరకి పరుగెత్తి ఉంటుంది. కళ్లకి మాత్రం అందులోనే అసలైన భయం ఉన్నట్టుంటుంది. ఎవరైనా ఎంచుకునేది అదే. మరి ఎంచుకోవచ్చా?

2006లో అమెరికాలో జిల్ గ్రీన్‌బర్గ్ అనే ఫొటోగ్రాఫర్ 'ఎండ్ టైమ్స్' పేరుతో ఏడుస్తున్న చిన్నపిల్లల ఫొటోల ప్రదర్శన పెట్టింది. పిల్లలకి లాలీపాప్ ఇచ్చి వెంటనే లాక్కుంటే ఏడ్చారు, అప్పుడు తీసిన ఫొటోలన్నమాట. తల్లిదండ్రులు పక్కనే ఉన్నారు, క్షణంలో మరిచిపోయారు, పిల్లలు రోజూ ఇంతకన్నా ఎక్కువే ఏడుస్తారు కదా... అన్నది ఆమె వైపు వాదన. పిల్లల్ని హింసించి కళ అంటారా అన్నది అవతలివాళ్ల కోపం. పెద్ద గొడవే అయింది. ఫొటోలు మాత్రం మెరుస్తున్న చర్మంతో, కన్నీటి బొట్టు బొట్టునా లైటుతో అద్భుతంగా ఉంటాయి. గొడవంతా అందుకే మరి.

ఆగ్నెస్ చూపు దగ్గరికి మళ్లీ రావాల్సింది ఇక్కడే. ఆ ఫొటోలో భయపడాల్సింది పాప కాదు, మనం. పాప కథలో తన పని తను చేస్తోంది. రాబిన్సన్ మంచంమీది పిల్ల కూడా అంతే. ఫొటో అయ్యాక లేచి వెళ్లి భోంచేసి ఉంటుంది. చూసేవాళ్లని వణికించడానికి కెమెరా ముందున్నవాళ్లని వణికించక్కర్లేదని వాళ్లిద్దరూ 160 ఏళ్ల కిందటే చూపించారు. పైగా అప్పటి ఫొటో ఓ గోడమీద ఉండేది. ఇప్పటిది ఫోన్లలో తిరుగుతుంది. పన్నెండేళ్ల పాపకి పద్దెనిమిదొచ్చాక కాలేజీలో ఎవరో దాన్ని వెతికి తీసి నవ్వొచ్చు. కాబట్టి ఎడిటింగ్‌కి వెళ్లే ముందు ఆఖరి జాబితాని పాపకీ, వాళ్లమ్మానాన్నలకీ చూపించే ఫొటోగ్రాఫర్లే నయం. 'ఇది వద్దు' అంటే వద్దంతే. ఎంత గొప్పగా వచ్చినా సరే.

నేలమీద పరిచిన ఎనిమిది

చివర్లో మిగిలినవాటిని చిన్న సైజులో ప్రింట్లు తీసి నేలమీద పరుస్తారు. ఇప్పుడు ఒక్కొక్కటి ఎలా ఉందన్నది కాదు, పక్కపక్కన ఎలా ఉన్నాయన్నది చూడాలి. అన్నిట్లోనూ పాప మధ్యలోనే ఉంటే నాలుగో ఫొటోకే విసుగొస్తుంది. అన్నీ చీకటిగా ఉంటే చీకటికి విలువ పోతుంది. మొదట్లో ఎండ ఉన్నది ఒకటి ఉండాలి. బుట్టలో అమ్మ రొట్టె సర్దుతున్నదో, వాకిట్లో చెప్పులేసుకుంటున్నదో. షూటింగ్‌లో అలాంటిది ఎవరూ శ్రద్ధగా తీయరు. లైటు సరిచూసుకోవడానికి తీసిన పనికిరానివాటిల్లో వెతికితే దొరుకుతుంది. ఇద్దరు బాగా ఉన్న ఫొటోలు రెండుంటే ఒకటి తీసేయాల్సిందే. రెండూ ఉంచితే ఒకదాన్నొకటి మింగేస్తాయి.

ఇలా జరుపుతూ, మారుస్తూ పోతుంటే తోడేలు పూర్తిగా కనిపించే ఫొటో ఒక్కొక్కటిగా పక్కకు పోతుంది. చెట్టు పక్కన చెవి ఒకటి. తలుపు కింద నీడ ఒకటి. అమ్మమ్మ మంచంమీద దుప్పటి ఎత్తుగా ఉన్నదొకటి. ఎరుపును మాత్రం ఉంచి మిగతా రంగుల్ని కాస్త తగ్గించడం, అంచుల్ని చీకటి చేయడం, పొగని కొంచెం కిందికి దించడం... తర్వాత ఎడిటింగ్‌లో చేసేదల్లా అంతే. రెండు సాయంత్రాల పని.

ఇక పాపకి నచ్చిన ఫొటో వేరే ఉంటుంది. మాస్కు నెత్తిమీదకి జరుపుకుని చెట్టు కింద కూర్చుని చెమటలు కక్కుతూ మజ్జిగ తాగుతున్న తోడేలు, పక్కనే ఎర్ర అంగీతో విసురుతున్న పాప. ఫోకస్ కాస్త తప్పింది, మూలన ఎవరిదో చెప్పు పడింది. వరసలోకి రాదు. దాన్ని ఉన్నదున్నట్టు వాళ్లమ్మ ఫోన్‌కి పంపిస్తారు.